మీ కస్టమర్ ఎవరు? చిన్న వ్యాపారానికి చిన్న మార్కెట్ ఎంచుకోవడం గురించి

(చిన్న వ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది సొంతంగా ఏదో ఒక వ్యాపారం నడుపుతున్నారు. మిగతావాళ్లు రేపో మాపో మొదలుపెట్టబోతున్నారు. మీ టైము విలువైనది కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా నేరుగా విషయంలోకి వెళ్తాను.

వ్యాపారం చేసేవాళ్లెవరు కలిసినా నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "మీ కస్టమర్ ఎవరండీ?" ఎక్కువమంది చెప్పే జవాబు: "అందరూనండీ. మా సరుకు పనికిరానివాళ్లంటూ ఎవరూ ఉండరు." ఆ మాట చాలా ధీమాగా చెబుతారు. నాకు దిగులు మొదలయ్యేది అక్కడే. ఎందుకంటే పనికిరావడం వేరు, కొనడం వేరు. ఒక వస్తువు లక్షమందికి పనికిరావచ్చు. మీరున్నారన్న సంగతి ఆ లక్షలో ఎంతమందికి తెలుసు? తెలిసినవాళ్లలో ఎంతమంది ఆగి చూస్తారు? చూసినవాళ్లలో "ఇది నాలాంటివాడి కోసమే చేశారు" అని ఎంతమందికి అనిపిస్తుంది? డబ్బు తీసేది ఆ చివరి మెట్టు దగ్గర నిలబడ్డవాడే. మిగతావాళ్లు బాగుందని మెచ్చుకుని వెళ్లిపోతారు.

అందరికీ అమ్మి గెలిచినవాళ్లు లేరా అని మీరు అడగొచ్చు. ఉన్నారు. హెన్రీ ఫోర్డ్ సంగతే తీసుకుందాం. 1908లో మోడల్ టి కారు తెచ్చాడు. ఒకే మోడల్, మామూలు మనిషి కూడా కొనుక్కోగలగాలన్నది ఆయన పట్టుదల. 1913లో కదిలే అసెంబ్లీ లైను పెట్టాడు, అంటే కారు ఒక మనిషి దగ్గర నుంచి ఇంకొకరి దగ్గరికి కదులుతూ వెళ్తుంటే ఒక్కొక్కరు ఒక్కో భాగం బిగిస్తారు. అంతకుముందు ఒక్క ఛాసిస్, అంటే కారు కింది చట్రం, బిగించడానికి పన్నెండు గంటల పైన పట్టేది, అది సుమారు గంటన్నరకు దిగింది. పని టైము తగ్గింది కాబట్టి ఖర్చు తగ్గింది, ఖర్చు తగ్గితే ధర తగ్గింది, ధర తగ్గితే కొనేవాళ్లు పెరిగారు, కొనేవాళ్లు పెరిగేకొద్దీ ఖర్చు ఇంకా తగ్గింది. అందరికీ అమ్మాలంటే ఈ చక్రం తిరగాలి. లక్షల సంఖ్యలో తయారుచేస్తే తప్ప అది తిరగదు. ఇద్దరు ముగ్గురు మనుషులతో, చేతిలో ఉన్న కాస్త పెట్టుబడితో అది మనవల్ల అయ్యే పని కాదు.

అంతటి ఫోర్డ్‌కు కూడా ఆ దారి చివరిదాకా కలిసిరాలేదు. 1920ల్లో పోటీ కార్ల కంపెనీ జనరల్ మోటార్స్‌ను నడిపించిన ఆల్ఫ్రెడ్ స్లోన్ కొనేవాళ్లను విడివిడిగా చూశాడు. మొదటిసారి కారు కొనేవాడికి షెవర్లే, బాగా స్థిరపడినవాడికి కాడిలాక్, మధ్యలో ఉన్నవాళ్లకు మధ్యలో వేరే కార్లు. కొనేవాళ్లు అటు మళ్లడంతో, దాదాపు కోటిన్నర మోడల్ టి కార్లు అమ్మిన ఫోర్డ్ 1927లో ఆ మోడల్ తయారీ ఆపేయాల్సి వచ్చింది. కంపెనీ మునిగిపోలేదు, కొత్త మోడల్‌తో నిలబడింది. కానీ అందరికీ ఒకటే కారు అన్న ఆలోచన అక్కడితో ఆగిపోయింది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. నిష్ మార్కెట్ (ఒక ప్రత్యేక అవసరమున్న చిన్న మార్కెట్), టార్గెట్ మార్కెట్ (మనం అమ్మాలని ఎంచుకున్న జనం) అన్న మాటలు మీరు చాలాచోట్ల విని ఉంటారు. విన్న వెంటనే చాలామంది చేసే పని ఏమిటంటే, ఒక కాగితం తీసుకుని "25 నుంచి 40 ఏళ్ల మధ్య వయసు, మధ్యతరగతి, పట్టణవాసులు, ఆడవాళ్లు" అని రాసుకుంటారు. రాసేసి, టార్గెట్ కస్టమర్‌ని పట్టేశామనుకుంటారు. అది జనాభా లెక్క. దాంట్లో మీ వ్యాపారానికి అక్కరకొచ్చే విషయం చాలా తక్కువ. ఒకే వయసు, ఒకే ఆదాయం, పక్కపక్క ఇళ్లలో ఉండే ఇద్దరిలో ఒకరికి మీ అవసరం రోజూ ఉండొచ్చు, ఇంకొకరికి జన్మలో రాకపోవచ్చు. వాళ్లిద్దరినీ విడదీసేది వయసు కాదు, ఇబ్బంది. మార్కెట్‌ను ఇబ్బందిని బట్టి కోయాలి అన్నది ఈరోజు నేను మీకు గట్టిగా చెప్పదలచుకున్న సంగతి.

దీన్ని ఒక చిన్న వస్తువు పెట్టి చూపిస్తాను. కత్తెర. ప్రపంచ జనాభాలో సుమారు పది శాతం మంది ఎడమచేతివాటం వాళ్లు. వాళ్లు మామూలు కత్తెర పట్టుకుంటే సరిగ్గా తెగదు. ఎందుకు తెగదో గమనించారా? చాలామంది పిడి వల్ల అనుకుంటారు. పిడి కొంతవరకే. అసలు కిటుకు బ్లేడ్లలో ఉంది. కుడిచేతి కత్తెరలో పైకి వచ్చే బ్లేడు కుడివైపున ఉంటుంది. కుడిచేత్తో మూసేటప్పుడు మనకు తెలియకుండానే బొటనవేలు ఒక పక్కకు తోస్తుంది, మిగతా వేళ్లు రెండో పక్కకు లాగుతాయి. ఆ ఒత్తిడికి రెండు బ్లేడ్లూ ఒకదానికొకటి గట్టిగా ఆనుకుంటాయి, కాగితం తెగుతుంది. అదే కత్తెర ఎడమచేతిలోకి వెళ్తే ఆ ఒత్తిడే బ్లేడ్లను దూరం జరుపుతుంది. కాగితం తెగకుండా మధ్యలో మడతపడి ఇరుక్కుంటుంది. ఇంకొకటి, పై బ్లేడు సరిగ్గా కోత గీతకు అడ్డంగా వస్తుంది. ఎక్కడ కోస్తున్నారో కనపడదు, మెడ వంచి చూసుకోవాలి.

ఇప్పుడు ఇద్దరు కత్తెరలు చేసేవాళ్లను ఊహించుకోండి. మొదటాయన పిడిని రెండు చేతులకూ సరిపోయేలా గుండ్రంగా మార్చి, "ఎడమచేతివాళ్లకు కూడా పనికొస్తుంది" అని అట్టమీద రాశాడు. రెండో ఆయన బ్లేడ్లను తిరగేశాడు, ఎడమ బ్లేడు పైకి వచ్చేలా. మొదటాయన పది శాతాన్ని తన లెక్కలో అదనంగా కలుపుకున్నాడు. రెండో ఆయన వాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు కోస్తుంటే చూశాడు. ఎడమచేతివాటం దర్జీ ఒకాయన చేతికి ఈ రెండో కత్తెర వచ్చిందనుకోండి. తనలాంటి ఇంకో దర్జీ కనిపిస్తే దాని గురించి చెప్పకుండా ఉంటాడా? ఆ రెండో ఆయన తొంభై శాతం మందిని వదులుకున్నాడు నిజమే. కానీ ఆ తొంభై శాతం కోసం ఎంతమంది కొట్టుకుంటున్నారో చూడండి. ఈ పది శాతం దగ్గర ఆయన పేరే ముందు వినిపిస్తుంది.

సరే, ఇబ్బందిని బట్టి కోయాలన్నాం. ఇబ్బందులు లోకంలో కోకొల్లలు. ఏది వ్యాపారం అవుతుంది, ఏది అవ్వదు? నేను ముందుగా చూసేది, ఆ ఇబ్బంది కోసం జనం ఇప్పటికే ఏదో ఒకటి చేస్తున్నారా లేదా అని. టేపు చుట్టుకుని వాడుతున్నారా, రాత్రి కూర్చుని చేత్తో లెక్కలు వేసుకుంటున్నారా, సరిపోని వస్తువును కొని దాన్నే సర్దుకుంటున్నారా, తెలిసినవాణ్ణి బతిమాలి చేయించుకుంటున్నారా. అలా సర్దుకుపోవడానికి డబ్బో టైమో ఖర్చుపెడుతున్నారంటే అక్కడ వ్యాపారం ఉన్నట్టు. నోటితో మాత్రం "అవునండీ, చాలా ఇబ్బందిగానే ఉంది" అంటూ ఏమీ చేయకుండా ఊరుకున్నారంటే, ఆ ఇబ్బంది వాళ్లను అంతగా బాధించడం లేదనే అర్థం. దాన్ని నమ్ముకుని పెట్టుబడి పెట్టకండి.

రెండోది, అది మళ్లీ మళ్లీ వచ్చే ఇబ్బందా, జీవితంలో ఒక్కసారి వచ్చేదా. ఒక్కసారి వచ్చేదైతే ప్రతి నెలా కొత్త కస్టమర్‌ను వెతుక్కోవాలి. అలాంటి వ్యాపారాలూ నడుస్తాయి, కానీ వాటికి ప్రచారం ఖర్చు ఎక్కువ. ఇంతకంటే దీని గురించి చెప్పాల్సింది లేదు.

మూడోదాని దగ్గర మాత్రం కాసేపు ఆగుతాను. మంచి మంచి ఆలోచనలు మూలనపడేది ఇక్కడే. మీరు ఎంచుకున్న మనుషులు మీకు ఒకచోట దొరుకుతారా? వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారా?

ఆటల దుస్తులు చేసే అండర్ ఆర్మర్ కంపెనీ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. దాన్ని మొదలుపెట్టిన కెవిన్ ప్లాంక్ కాలేజీ రోజుల్లో మేరీల్యాండ్ యూనివర్సిటీ జట్టులో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడేవాడు. ఆ ఆటలో పైన ప్యాడ్లు, వాటి కింద టీషర్టు. కాటన్ టీషర్టు చెమటకు తడిసి బరువెక్కి ఒంటికి అతుక్కుపోయేది. ఆటగాళ్లు మధ్యలో మార్చుకుంటూ ఉండేవాళ్లు. చూశారా, సర్దుకుపోవడం అక్కడ ముందునుంచే ఉంది. 1996లో ఆయన చెమటను పట్టి ఉంచని సింథటిక్ బట్టతో, ఒంటికి బిగుతుగా ఉండే షర్టులు కుట్టించాడు. వాళ్ల బామ్మగారి ఇంటి బేస్‌మెంటే ఆఫీసు.

ఆ షర్టు ఎవరికి పనికొస్తుందంటారా? పరిగెత్తేవాళ్లకు, సైకిలు తొక్కేవాళ్లకు, ఎండలో పనిచేసేవాళ్లకు, అందరికీ పనికొస్తుంది. ఆయన మాత్రం తనతో ఆడినవాళ్ల దగ్గరికి వెళ్లాడు. వాళ్లలో కొందరు అప్పటికే ప్రొఫెషనల్ జట్లలో ఉన్నారు. వాళ్లకు ఇచ్చి, పక్కనున్న ఆటగాళ్లకు కూడా చూపించమన్నాడు. ఒక డ్రెస్సింగ్ రూమును తలచుకోండి. యాభైమంది ఆటగాళ్లు, అందరిదీ ఒకటే ఇబ్బంది, రోజూ ఒకే గదిలో ఒకరి ముందు ఒకరు బట్టలు మార్చుకుంటారు. ఒకడు కొత్త షర్టు వేసుకుంటే పక్కవాడు అడగకుండా ఉండలేడు. పైగా జట్టు మొత్తానికి సరుకు కొనే మనిషి ఒక్కడే ఉంటాడు. ఒక్కడిని ఒప్పిస్తే జట్టంతా వస్తుంది. ఎంత చదువుకున్న మార్కెటింగ్ నిపుణుడైనా ఇంతకంటే మంచి మొదటి మార్కెట్‌ను వెతికిపెట్టలేడని నేను నమ్ముతాను.

దీన్నే తిరగేసి ఆలోచించండి. "నిద్ర సరిగ్గా పట్టనివాళ్లు" నా మార్కెట్ అని ఒకరన్నారనుకోండి. ఇబ్బంది పెద్దదే, మళ్లీ మళ్లీ వచ్చేదే, డబ్బు ఖర్చుపెట్టించేదే. కానీ నిద్రపట్టనివాళ్లంతా ఎక్కడ కలుస్తారు? ఎవరి ఇంట్లో వాళ్లు దొర్లుతుంటారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. అదే "రాత్రి షిఫ్టులో పనిచేసి పగలు పడుకోవాల్సిన నర్సులు" అన్నారనుకోండి. వాళ్లకో పని చోటు ఉంది, సంఘాలు ఉన్నాయి, డ్యూటీ మారే వేళకు ఒకరినొకరు చూసుకుంటారు. ఇబ్బంది కూడా తేటగా తెలుస్తుంది: పగటి వెలుతురు, వీధిలో చప్పుడు, వారానికోసారి మారే షిఫ్టు. మీరు ఏం తయారుచేయాలో, ఎక్కడికెళ్లి చెప్పాలో, ఏ మాటల్లో చెప్పాలో అన్నీ ఒక్కసారిగా తేలిపోతాయి. నా దృష్టిలో మార్కెట్ సరిగ్గా కుదిరిందనడానికి గుర్తు అది. పేరు చెప్పగానే, రేపు ఉదయం ఎక్కడికి వెళ్లాలో మీకు తెలిసిపోవాలి.

ఇప్పుడు మీ మనసులో ఉన్న భయం దగ్గరికి వస్తాను. "ఇంత చిన్నగా కోసుకుంటే బతికేదెలా?" న్యాయమైన భయమే. దానికి ఓదార్పు మాటలు అక్కర్లేదు, లెక్క వేసుకుంటే చాలు.

మీరు ఒక్కరే ఖాతాలు రాసిపెట్టే పని చేస్తున్నారనుకుందాం. నాణ్యత చెడకుండా మీరు ఏకకాలంలో చూడగలిగేది ముప్పైమంది పని. అంతకు మించితే ఇంకో మనిషిని పెట్టుకోవాలి. మీకు కావాల్సింది ముప్పైమంది. మీరు ఎంచుకున్న మార్కెట్‌లో మూడు వేలమంది ఉంటే, అందులో నూటికి ఒక్కరు వస్తే మీ పళ్లెం నిండిపోయింది. మూడు లక్షలమంది ఉండే మార్కెట్ మీకెందుకు? పెద్ద మార్కెట్ పెద్ద కంపెనీకి కావాలి, దాని ఖర్చులు అలాంటివి. చాలామంది చిన్న వ్యాపారులు మార్కెట్ ఎంత పెద్దదో కళ్లు పెద్దవి చేసుకుని చూస్తారు కానీ, తమకు కావాల్సిన కస్టమర్లు ఎంతమందో కాగితం మీద వేసుకోరు. ముందు ఆ సంఖ్య రాసుకోండి. అది అనుకున్నదానికంటే చాలా చిన్నదిగా ఉంటుంది.

ఇదే ఉదాహరణను ఇంకాస్త ముందుకు తీసుకెళ్తాను. ఆ ఖాతాలు రాసే మనిషి బోర్డు మీద "అన్ని రకాల అకౌంటింగ్ పనులు చేయబడును" అని ఉంది. అలాంటి బోర్డులు వీధికి నాలుగు ఉంటాయి. అప్పుడు కస్టమర్ అడిగేది ఒక్కటే, ఎంత తీసుకుంటారని. ఇప్పుడు ఆయన ఆన్‌లైన్‌లో సరుకులు అమ్మే చిన్న వ్యాపారులను ఎంచుకున్నాడనుకోండి. వాళ్ల ఇబ్బంది ఏమిటో దగ్గరికి వెళ్లి చూద్దాం.

వాళ్లు సరుకు అమ్మేది పెద్ద ఆన్‌లైన్ వేదికల మీద. ప్రతి ఆర్డరు డబ్బు నేరుగా వాళ్ల చేతికి రాదు. వేదిక కమీషన్ తీసుకుంటుంది, రవాణా ఖర్చు తీసుకుంటుంది, ప్రకటనలకు పెట్టిన డబ్బు తీసుకుంటుంది, పోయిన నెలలో అమ్మి ఈ నెలలో వెనక్కి వచ్చిన సరుకు డబ్బు కూడా తీసుకుంటుంది. ఇవన్నీ పోగా, బోలెడు ఆర్డర్ల డబ్బు కలిపి ఒకే మొత్తంగా బ్యాంకులో పడుతుంది. మామూలు అకౌంటెంటు ఏం చేస్తాడు? బ్యాంకులో పడినదాన్నే అమ్మకం అని రాసేస్తాడు. అప్పుడు అమ్మకం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది, కమీషన్లు ఖర్చు కింద ఎక్కడా కనిపించవు, పన్ను లెక్క తప్పుతుంది. అన్నిటికంటే పెద్ద నష్టం ఏమిటంటే, ఏ వస్తువు మీద లాభం వస్తోంది, ఏది వాపసుల వల్ల నష్టంలో ఉంది అన్నది ఆ వ్యాపారికి తెలియకుండా పోతుంది. వెనక్కి వచ్చిన సరుకు మళ్లీ అమ్మకానికి పనికొస్తుందా, పాడైందా అన్నది స్టాకులో ఎక్కదు. నెలంతా చాకిరీ చేసి, చివరికి డబ్బు ఎటుపోయిందో తెలియక తల పట్టుకుంటాడు.

ఈ చిక్కును విప్పడం నేర్చుకున్న అకౌంటెంటు బోర్డు మారిపోతుంది. "మీ వేదిక నుంచి వచ్చిన డబ్బుకూ మీ అమ్మకాలకూ లెక్క కుదరడం లేదా? ఏ వస్తువు మీద ఎంత మిగులుతోందో నెలనెలా చెబుతాం." ఈ రెండు వాక్యాలు మిగతా జనానికి అర్థం కూడా కావు. ఆన్‌లైన్‌లో అమ్మేవాడు చదివితే మాత్రం "నా గోడు వీడికెలా తెలిసింది" అనుకుంటాడు. ధర గురించి అడుగుతాడు, కానీ అది రెండో ప్రశ్న అవుతుంది. ఇంకో లాభం కూడా ఉంది, బయటికి కనిపించదు. ఐదో కస్టమర్ వచ్చేసరికి ఆయనకు పని చేతికి అలవాటవుతుంది. మొదటివాడి లెక్క తేల్చడానికి మూడు రోజులు పడితే, అలాంటి లెక్కే పదోవాడిది ఒక పూటలో అయిపోతుంది. తీసుకునే డబ్బు అంతే ఉంటుంది, పట్టే టైము తగ్గుతుంది. అన్ని రకాల పనులూ చేసేవాడికి ఈ లాభం ఎప్పటికీ రాదు, ఎందుకంటే వాడికి ప్రతి పనీ కొత్తదే.

మరి మీ సొంత మార్కెట్‌ను ఎలా వెతుక్కోవాలి? ఇప్పటికే వ్యాపారం నడుపుతున్నవాళ్లకు దారి దగ్గరలోనే ఉంది. గత ఏడాది బిల్లుల పుస్తకం ముందు పెట్టుకోండి. ప్రతి పేరు పక్కన మూడు గుర్తులు పెట్టుకుంటూ వెళ్లండి. బేరం ఆడకుండా డబ్బిచ్చిన వాళ్లెవరు, మళ్లీ వచ్చినవాళ్లెవరు, ఇంకొకరిని వెంటబెట్టుకొచ్చినవాళ్లెవరు. మూడు గుర్తులూ పడిన పేర్లు కొన్నే ఉంటాయి. వాటిని వేరే కాగితం మీద రాసి, వీళ్లందరిలో ఉమ్మడిగా ఉన్నదేమిటి అని నిదానంగా ఆలోచించండి. వయసు చూడకండి. వాళ్లు మీ దగ్గరికి వచ్చినరోజు వాళ్ల జీవితంలో ఏం జరుగుతోందో గుర్తుతెచ్చుకోండి. కొత్త ఇంట్లోకి మారుతున్నారా, మొదటి ఉద్యోగిని పెట్టుకున్నారా, బిడ్డ పుట్టిందా, ఏదైనా తనిఖీకి గడువు దగ్గరపడిందా. చాలాసార్లు మార్కెట్ మనుషుల రకంలో దొరకదు, అలాంటి సందర్భంలో దొరుకుతుంది.

తర్వాత వాళ్లకు ఫోన్ చేసి మాట్లాడండి. ఎలా అడుగుతారన్నది చాలా ముఖ్యం. "ఇలాంటి సర్వీసు పెడితే తీసుకుంటారా?" అని అడగొద్దు. మొహమాటానికి "తప్పకుండా" అంటారు. ఆ తప్పకుండాలు నమ్మి అప్పులపాలైనవాళ్లు ఎందరో ఉన్నారు. జరిగిపోయినదాని గురించి అడగండి. "ఈ ఇబ్బంది చివరిసారి ఎప్పుడు వచ్చింది? అప్పుడు ఏం చేశారు? ఎవరిని అడిగారు? దానికి ఎంత ఖర్చయింది?" జరిగినదాని గురించి చెప్పేటప్పుడు మనిషికి మొహమాటం ఉండదు, కల్పించాల్సిన పనీ ఉండదు. వాళ్లు వాడిన మాటలు వాడినట్టే రాసుకోండి. రేపు మీ ప్రకటనలో ఉండాల్సింది ఆ మాటలే.

ఇందులో ప్రమాదాలు లేవని నేను అనను. మార్కెట్ చిన్నదైతే ఒకే పెద్ద కస్టమర్ మీద ఆధారపడిపోయే పరిస్థితి వస్తుంది. రాబడిలో సగం ఒకే చోట నుంచి వస్తోందంటే, మీరు పేరుకు వ్యాపారి, నిజానికి వాళ్ల దగ్గర ఉద్యోగి. ఇందాక చెప్పిన ఆన్‌లైన్ అమ్మకందారుల లాంటి మార్కెట్‌లో అయితే, వేదిక వాళ్లు రేపు నిబంధనలు మార్చినా, ఆ లెక్కలు తామే చేసిపెట్టినా మీ పని మీద దెబ్బ పడుతుంది. అందుకని ఎంచుకునే ముందే, ఈ ఇబ్బంది ఇంకో పదేళ్లు ఉండేదేనా, ఎవరి నిర్ణయం మీద ఆధారపడి ఉంది అని ఆలోచించుకోవాలి.

అయితే చిన్న మార్కెట్ అంటే ఎప్పటికీ చిన్నగానే ఉండిపోవాలని కాదు. శామ్ ఫార్బర్ అనే ఆయన వంటింటి పనిముట్ల వ్యాపారం నుంచి రిటైరయ్యాక, కీళ్లనొప్పులున్న ఆయన భార్య బెట్సీ మామూలు పీలర్ పట్టుకుని ఆపిల్ చెక్కు తీయడానికి కష్టపడుతుంటే చూశాడు. సన్నటి లోహపు పిడి వేళ్లకు కోసుకునేది. స్మార్ట్ డిజైన్ అనే డిజైన్ సంస్థతో కలిసి, లావుగా, మెత్తగా, తడిచేతికి కూడా జారని రబ్బరు లాంటి పిడితో పనిముట్లు చేయించాడు. 1990లో అవి ఆక్సో గుడ్ గ్రిప్స్ పేరుతో మార్కెట్‌లోకి వచ్చాయి. నొప్పిలేని చేతులకు కూడా అవి హాయిగా ఉన్నాయి, అందుకే అందరూ కొన్నారు. చెప్పొచ్చేదేమిటంటే, ఎక్కువ ఇబ్బంది పడేవాళ్లను తృప్తిపరిచిన వస్తువు తక్కువ ఇబ్బంది పడేవాళ్ల దగ్గరికి తేలిగ్గా వెళ్తుంది. అందరినీ దృష్టిలో పెట్టుకుని చేసిన సన్నటి పిడి మాత్రం నొప్పిచేతుల దగ్గరికి ఎన్నాళ్లయినా రాలేకపోయింది.

నేను చెప్పదలచుకున్నవి ఇవి. ఇప్పుడు మీ ప్రశ్నలు తీసుకుంటాను.

(ఒకరు: ఇప్పుడున్న కస్టమర్లను ఏం చేయాలి సార్? వాళ్లు మీరు చెప్పిన చిన్న మార్కెట్‌లోకి రారు. పొమ్మని ఎలా అంటాం?)

ఎవరినీ పొమ్మనకండి. ఉన్నవాళ్ల పని ఎప్పటిలాగే మర్యాదగా చేయండి, ఇంటి ఖర్చులు నడిచేది వాళ్లవల్లే. మారాల్సింది మీరు కొత్తగా పెట్టే టైమూ డబ్బూ. బోర్డు మీద రాసేది, ప్రకటనకు ఖర్చుపెట్టేది, కొత్తగా నేర్చుకునేది, ఇవన్నీ మీరు ఎంచుకున్నవాళ్ల కోసం. ఏడాదీ రెండేళ్లలో వాళ్ల వాటా దానంతటదే పెరుగుతుంది. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. మీ దారికి సంబంధంలేని పెద్ద పని ఒకటి వస్తుంది, డబ్బు ఆశ చూపిస్తుంది. అది ఒప్పుకుంటే మూడు నెలలు మీ దృష్టంతా అటే పోతుంది. అలాంటిదాన్ని బాగా చేయగలిగే ఇంకొకరికి అప్పగించండి. వాళ్లు కూడా రేపు మీకు తగినవాళ్లను మీ దగ్గరికి పంపుతారు.

(ఇంకొకరు: రెండు మార్కెట్లు ఒకేసారి పెట్టుకుంటే ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది కదా అండీ?)

మీ ఆలోచన అర్థమైందమ్మా. భద్రత కోసం అడుగుతున్నారు. రెండింటి ఇబ్బందీ ఒకటే అయితే పెట్టుకోవచ్చు. ఇబ్బంది వేరు, మనుషులు వేరు, దొరికే చోటు వేరు అయితే అవి రెండు వ్యాపారాలు. రెండు ప్రచారాలు, రెండు రకాల నేర్పు కావాలి. మనిషి ఒక్కరే ఉన్నప్పుడు రెండూ సగంసగం అవుతాయి. మొదటిదాంట్లో మీరు వెతక్కుండానే కస్టమర్లు ఒకరి ద్వారా ఒకరు రావడం మొదలయ్యాక, అప్పుడు రెండోదాని గురించి ఆలోచించండి.

(ఇంకొకరు: ఎంచుకున్నది సరైనది కాదని ఎప్పటికి తెలుస్తుంది సార్? ఎంతకాలం చూడాలి?)

కాలాన్ని బట్టి చెప్పలేనండీ, మాట్లాడిన మనుషుల సంఖ్యను బట్టి చెబుతాను. ఏడాది గడిచినా ఐదుగురితోనే మాట్లాడితే మీకేమీ తెలియదు. మీరు అనుకున్న మార్కెట్‌లోని ఒక ముప్పైమందితో కూర్చుని, నేను చెప్పినట్టు జరిగిపోయినదాని గురించి అడిగి చూడండి. సగంమందికి పైగా మీరు ఊహించిన ఇబ్బందిని మీరు ప్రస్తావించకముందే వాళ్లంతట వాళ్లే చెబితే, చోటు సరైనదే. అమ్మకం జరగకపోతే ధరలోనో, చెప్పే తీరులోనో లోపముంది, అది సరిచేసుకోండి. ముప్పైమందిలో ఇద్దరు ముగ్గురే చెబితే మార్కెట్ మార్చండి. అయితే మార్చేముందు ఆ ముప్పైమంది మాటల కాగితాలు మళ్లీ చదవండి. మీరు అడగకపోయినా చాలామంది నోట మళ్లీ మళ్లీ వచ్చిన ఇబ్బంది ఒకటి అందులో ఉండొచ్చు. అలాంటిది కనిపిస్తే కొత్త మనుషుల కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. ఆ ముప్పైమందికే మళ్లీ ఫోన్ చేసి, దాని గురించి అడగండి.